పాతది ఉండగానే కొత్తది



ఈ ఏడాది కృత్రిమ మేధ మీద మాట్లాడితే బాగుంటుందని నిర్వాహకులు సూచించారు. దాని మీద మాట్లాడేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. పైగా ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారికి, రోజూ వాడుతూ ఎవరూ పట్టించుకోని వస్తువుల మూత తీసి చూపించడమంటేనే ఇష్టం. పాలిటెక్నిక్ ల్యాబులో పాడైన హార్డ్ డిస్కు విప్పి బల్ల మీద పెట్టి, 'చూడండి, ముట్టుకోవద్దు' అంటూనే అందరి చేతా ముట్టించేవారు. అందుకని ఆయన మెచ్చే విషయమే ఎంచుకున్నాను. మన ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి అప్‌డేట్ ఎలా వస్తుంది, వచ్చి లోపల ఎక్కడ కూర్చుంటుంది?

'అప్‌డేట్ వేస్తే ఫోను స్లో అయిపోతుంది', 'వేయకపోతే బ్యాంకు యాప్ తెరుచుకోదంటోంది', 'మధ్యలో చార్జింగ్ అయిపోతే ఫోను పోతుందట'. ఈ మూడు మాటలూ వినపడని ఇల్లు ఉండదు. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే అప్‌డేట్ వల్ల ఫోను చెడుతుందా లేదా అన్నది దాన్ని రాసిన ఇంజినీరు తెలివి కన్నా, డిస్కును ముందుగా ఎలా భాగాలు చేశారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం. కొత్తది సరిగ్గా లేచిందని తేలేదాకా పాతదాన్ని చెరపకుండా ఉంచే చోటుందా? చోటుంటే తప్పు జరిగినా వెనక్కి రావచ్చు. లేకపోతే ఎంత గొప్ప ప్రోగ్రామరైనా చేయగలిగింది తక్కువ.

కంప్యూటర్ల నుంచి మొదలుపెడతాను. 2000 తర్వాతి పదేళ్లలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకు ఒక ప్రశ్న గుర్తుండే ఉంటుంది. విండోస్ సీడీ పెట్టబోతూ కుర్రాడు అడిగేవాడు: 'సి డ్రైవ్ ఎంత పెట్టమంటారు సార్?' నలభై జీబీ డిస్కయితే సి డ్రైవ్‌కు పదో పన్నెండో ఇచ్చి, మిగతాది డి, ఇ అని రెండుగా కోసేవాడు. వైరస్ వచ్చిన రోజున సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేస్తాడు. డి డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు, ఘంటసాల పాటలు అలాగే ఉంటాయి. వ్యవస్థ సొత్తు ఒకవైపు, మన సొత్తు ఒకవైపు ఉండాలని ఆ కుర్రాడికి అనుభవమే నేర్పింది. ఇవాళ లక్షల కోట్ల విలువైన కంపెనీలు తమ ఫోన్లలో చేస్తున్నది చాలావరకు అదే ఆలోచన.

కాకపోతే ఆ గోడ సగమే కట్టినది. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లు, మై డాక్యుమెంట్స్‌లో దాచినవి సి డ్రైవ్‌లోనే ఉండేవి. ఫార్మాట్ కొట్టాక 'డెస్క్‌టాప్ మీదే పెట్టాను కదయ్యా' అని లబోదిబోమన్నవాళ్లు ఎందరో. ఇక రెండో సంగతి, సి, డి రెండూ ఒకే డిస్కు మీద ఉన్న భాగాలు. డిస్కే పోతే రెండూ పోతాయి. డి డ్రైవ్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టేనన్న భ్రమ మనలో చాలామందికి ఇంకా వదల్లేదు.

పీసీల్లో డిస్కును కోసే ఈ పద్ధతి 1983 నాటిది. ఆ ఏడాది ఐబీఎం పీసీ ఎక్స్‌టీ పది మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చింది. డిస్కు మొట్టమొదటి సెక్టరులో ఉండే 512 బైట్లలో 64 బైట్లు భాగాల పట్టికకు కేటాయించారు. ఒక్కో భాగానికి పదహారు బైట్లు, కాబట్టి నాలుగు భాగాలే. సెక్టర్ల లెక్కకు 32 బిట్లే ఇచ్చారు కనుక రెండు టెరాబైట్లు దాటిన డిస్కులు రాగానే ఆ పట్టిక చేతులెత్తేసింది. తర్వాత వచ్చిన జీపీటీ పట్టికలో మామూలుగా 128 భాగాలకు చోటుంటుంది. అయితే ఏ పట్టికైనా చెప్పేది ఫలానా భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నదే. ఒకసారి గీసిన హద్దును జరపాలంటే పక్కవాడు ఖాళీ చేయాలి.

ఆ హద్దు ఎంత ఇబ్బంది పెట్టగలదో 2024 జనవరిలో విండోస్ 10 వాడేవాళ్లకు తెలిసొచ్చింది. విండోస్ తన డిస్కులో సి డ్రైవ్ కాక ఒక చిన్న రికవరీ భాగం దాచుకుంటుంది. విండోస్ లేవకపోతే బాగుచేసే సరంజామా అందులో ఉంటుంది. దాంట్లో ఒక లొసుగు బయటపడింది. దాని ద్వారా, కంప్యూటర్ చేతికి చిక్కినవాడు డిస్కులోని డేటాను కాపాడే బిట్‌లాకర్ తాళాన్ని తప్పించుకోవచ్చు. దాన్ని పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ ఆ నెల 9న ఒక అప్‌డేట్ పంపింది. చాలా కంప్యూటర్లలో అది ఎక్కలేదు. ఎప్పుడో విండోస్ వేసిన రోజున ఆ రికవరీ భాగానికి నాలుగైదు వందల మెగాబైట్లు కేటాయించారు. కొత్త సరంజామాకు అది చాలలేదు. సి డ్రైవ్‌లో వంద జీబీలు ఖాళీగా ఉన్నా అక్కరకు రావు, ఎందుకంటే అవి హద్దుకు అవతల ఉన్నాయి. తెర మీద మాత్రం 0x80070643 అన్న ఒక మామూలు లోపం సంఖ్య కనపడేది. 'చోటు చాలలేదు' అన్న ముక్క కూడా దాంట్లో లేదు. చివరికి కంపెనీ చెప్పిన మందు ఏమిటంటే, వాడకందారులే కమాండ్లు కొట్టి, సి డ్రైవ్‌ను 250 మెగాబైట్లు కుదించి, రికవరీ భాగాన్ని చెరిపి, పెద్దదిగా మళ్లీ కట్టుకోవాలి. దీనికి ఆటోమేటిక్ పరిష్కారం రాదని కూడా తేల్చేసింది. ఇంట్లో లెక్కలు రాసుకునే మనిషిని డిస్కు భాగాన్ని చెరపమనడం నా దృష్టిలో చేతులు దులుపుకోవడమే.

ఇక ఫోనుకు వద్దాం. మన రాష్ట్రాల్లో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ కాబట్టి దాన్నే విప్పుతాను.

అరవైనాలుగు జీబీ ఫోను కొని సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూస్తే, ఒక్క ఫొటో తీయకముందే పదిహేనో ఇరవయ్యో జీబీలు 'సిస్టమ్' పేరున పోయి ఉంటాయి. దుకాణంవాడు మోసం చేశాడని అనుకుంటాం. నిజానికి లోపల పదుల సంఖ్యలో భాగాలుంటాయి. వాటిలో నాలుగు తెలుసుకుంటే చాలు. బూట్ అన్నదాంట్లో కెర్నల్, అంటే వ్యవస్థకు గుండెకాయ లాంటి ప్రోగ్రాము ఉంటుంది. సిస్టమ్‌లో ఆండ్రాయిడ్ ఉంటుంది. వెండర్‌లో ఆ ఫోను చిప్పుకు, కెమెరాకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మిగిలిన పెద్ద భాగం యూజర్‌డేటా. మీ వాట్సాప్, మీ ఫొటోలు, మీరు వేసుకున్న యాప్‌లు అన్నీ అందులోనే. ఫోను నడుస్తున్నప్పుడు మొదటి మూడింటినీ చదవడమే తప్ప రాయడానికి ఎవరికీ అనుమతి లేదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ కుర్రాడి గోడ ఇక్కడ పూర్తిగా లేచింది.

ఈ అమరిక తెలిస్తే ఒక అపోహ పోతుంది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే ఫోను కొన్ననాటి సాఫ్ట్‌వేర్ తిరిగి వస్తుందని చాలామంది నమ్ముతారు. రాదు. రీసెట్ తుడిచేది యూజర్‌డేటాను మాత్రమే. నిన్న వచ్చిన ఆండ్రాయిడ్ వెర్షన్ సిస్టమ్‌లో అలాగే కూర్చుని ఉంటుంది. అప్‌డేట్ నచ్చలేదని రీసెట్ కొట్టేవాళ్లు ఫొటోలు పోగొట్టుకుని, వద్దనుకున్న అప్‌డేట్‌ను మాత్రం భద్రంగా ఉంచుకుంటున్నారన్నమాట.

2016కు ముందు అప్‌డేట్ వేయడమంటే ఒక గండం గడవడమే. ఫోను పనులన్నీ ఆపేసి రికవరీలోకి వెళ్లేది. తెర మీద పచ్చ బొమ్మ, దాని పొట్టలో తిరిగే చక్రం. ఉన్న ఒక్క సిస్టమ్ భాగాన్నీ బ్లాకుల వారీగా చెరిపి, అక్కడే కొత్తది రాసేది. ఆపరేషన్ మధ్యలో ఉండగా కరెంటు పోయినట్టు బ్యాటరీ అయిపోతే, పాతదీ పూర్తిగా లేదు, కొత్తదీ పూర్తిగా లేదు. ఆగినచోటి నుంచి మళ్లీ అందుకునే ఏర్పాట్లు ఉన్నా, అవి వికటించిన ఫోన్లు సర్వీస్ సెంటర్లకు చేరేవి. అంతా బాగా జరిగినా, తర్వాత 'ఆప్టిమైజింగ్ యాప్' అంటూ నూటికి పైగా యాప్‌లను ఒక్కొక్కటే లెక్కపెడుతూ కూర్చునేది. ఆ వేళ ఫోను వస్తే మాట్లాడే వీలు లేదు.

ఏడాదికోసారి అయితే జనం ఓర్చుకునేవారేమో. కానీ 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక వీడియోను ఎమ్ఎమ్ఎస్‌లో పంపితే, దాన్ని తెరవకపోయినా, ఫోనులో దూరగల లొసుగు అది. మరుసటి నెల నుంచే గూగుల్ నెలనెలా భద్రతా అప్‌డేట్లు మొదలుపెట్టింది. నెలకోసారి గండం గడవమంటే ఎవరు వింటారు?

2016లో ఆండ్రాయిడ్ 7తో, పిక్సెల్ ఫోన్లతో కొత్త అమరిక వచ్చింది. గూగుల్ దీన్ని తన క్రోమ్‌బుక్‌ల నుంచే తెచ్చుకుంది. బూట్, సిస్టమ్, వెండర్ భాగాలు రెండేసి ఉంటాయి, ఎ స్లాట్‌లో ఒకటి, బి స్లాట్‌లో ఒకటి. ఫోను ఎ మీద నడుస్తుంటే బి ఖాళీగా పడి ఉంటుంది. పాత ఇంట్లో కాపురం చేసుకుంటూనే పక్క ఇంటికి సున్నం వేయించి, పాలు పొంగించి, ఒక రాత్రి గడిపి చూశాకే పాత ఇంటి తాళం అప్పగించడం లాంటిది.

ఒక రాత్రి ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఫోను చార్జింగ్‌లో, వైఫైలో ఉంది. అప్‌డేట్ ఇంజిన్ అనే ప్రోగ్రాము సర్వర్‌తో మాట్లాడి, ముందుగా కంపెనీ సంతకం సరిచూసుకుంటుంది. పూర్తి ఆండ్రాయిడ్‌ను తెప్పించదు, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడానే తెప్పిస్తుంది. ఎ లోని పాత బ్లాకును చదివి, తేడాను కలిపి, కొత్త బ్లాకును బి లో రాస్తుంది. ప్యాకేజీ మొత్తం ముందు దించుకుని దాచుకోవాల్సిన పని కూడా లేదు, వస్తున్నది వస్తున్నట్టే రాసుకుపోగలదు. ఇంత జరుగుతున్నా మీరు ఫోను తీసి పాటలు వినొచ్చు, ఫోను మాట్లాడొచ్చు. రాయడం పూర్తయ్యాక బి మొత్తాన్నీ మళ్లీ చదివి లెక్క సరిపోయిందో లేదో చూస్తుంది. ఆ తర్వాతే 'రీస్టార్ట్ చేయండి' అన్న నోటిఫికేషన్ వస్తుంది.

రీస్టార్ట్ నొక్కగానే పగ్గాలు ఫోనును లేపే బూట్‌లోడర్ చేతికి వెళ్తాయి. ఒక్కో స్లాట్ గురించి అది కొన్ని విషయాలు గుర్తు పెట్టుకుంటుంది. ఇది లేవగలదా, ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయి, ఇదివరకు సరిగ్గా లేచిందా? బి మీద మొదలుపెట్టి ప్రయత్నాల లెక్కలో ఒకటి తగ్గిస్తుంది. ఫోను పూర్తిగా లేచి, కొత్తగా రాసిన బ్లాకులు సరిగ్గా చదవగలిగితే బి కి 'విజయం' ముద్ర పడుతుంది. మధ్యలో కుప్పకూలితే మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్రయత్నాలు అయిపోతే ఎవరినీ అడక్కుండా ఎ మీదకు తిరిగి వచ్చేస్తుంది. పొద్దున్నే లేచిన మనిషికి రాత్రి ఇంత కథ నడిచిందని కూడా తెలియదు.

'తేడా మాత్రమే తెప్పిస్తుంది' అన్న చోట ఒక్క క్షణం ఆగాలి. తేడా కలపాలంటే అడుగున ఉన్న పాత బ్లాకు గూగుల్ అనుకున్నట్టే, బిట్టు పొల్లుపోకుండా ఉండాలి. అందుకే ఫోను రూట్ చేసి, అంటే కంపెనీ వేసిన తాళాలు తీసి వ్యవస్థ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నవాళ్లకు అప్‌డేట్లు ఎక్కేవి కావు. సిస్టమ్‌లో ఒక్క ఫైలు మార్చకపోయినా, రాయడానికి వీలుగా దాన్ని ఒకసారి మౌంట్ చేస్తే చాలు, ఎప్పుడు మౌంట్ అయిందో, ఫైళ్ల చిట్టా రాసుకునే ఫైల్ సిస్టమ్ తనంతట తానే రాసుకుంటుంది. ఆ కాసిని బైట్లు మారినందుకే అప్‌డేట్ మొరాయించేది.

బిట్టు పొల్లుపోలేదని ఫోనుకు ఎలా తెలుస్తుంది? మొత్తం సిస్టమ్‌ను ప్రతిసారీ చదివి చూడాలంటే ఫోను లేచేసరికి తెల్లారుతుంది. దీనికి వాడే ఉపాయం రాల్ఫ్ మెర్కిల్ 1979లో పేటెంటుకు పెట్టిన హ్యాష్ చెట్టు. మాస్టారు ఉంటే సుద్దముక్క అందుకునేవారు, కాబట్టి లెక్క వేద్దాం. సిస్టమ్ నాలుగు జీబీలనుకోండి. దాన్ని 4096 బైట్ల బ్లాకులుగా చేస్తే 10,48,576 బ్లాకులు. ఒక్కో బ్లాకుకు 32 బైట్ల హ్యాష్, అంటే వేలిముద్ర. ఒక బ్లాకులో 128 వేలిముద్రలు పడతాయి. కాబట్టి వేలిముద్రలన్నీ కలిపి 8192 బ్లాకులు. ఆ బ్లాకులకూ వేలిముద్రలు తీస్తే 64 బ్లాకులు. వాటికీ తీస్తే ఒకే బ్లాకులో సర్దుకుంటాయి. ఆ ఒక్క బ్లాకు వేలిముద్ర 32 బైట్లు. కంపెనీ సంతకం పెట్టాల్సింది ఆ 32 బైట్లకే. నాలుగు జీబీలలో ఎక్కడ ఒక్క బిట్టు మారినా పైనున్న ముద్ర సరిపోదు. ఏదైనా ఒక బ్లాకు చదివినప్పుడు దాని దారిలో ఉన్న మూడు అంతస్తులు చూస్తే చాలు. చెట్టంతటికీ అయ్యే ఖర్చు సుమారు 32 ఎంబీ. ఇంత తక్కువ ఖర్చులో ఇంత కట్టుదిట్టమైన కాపలా కంప్యూటర్ శాస్త్రంలో అరుదు. మ్యాక్ కంప్యూటర్లలో కూడా ఆపిల్ 2019లో వ్యవస్థను విడిగా చదవడానికి మాత్రమే ఉంచి, 2020లో ఇదే రకం ముద్ర వేసింది.

రెండు స్లాట్ల పద్ధతికి ఖరీదు చోటు. ఖరీదైన ఫోనుకు అదో లెక్క కాదు. ముప్పైరెండు జీబీల ఫోనులో వ్యవస్థే రెండుసార్లు కూర్చుంటే మనిషికి మిగిలేదేముంది? కంపెనీలు వెనకాడాయి. శాంసంగ్ అంతటిది 2024 దాకా దీని జోలికి రాలేదు. గూగుల్ రెండు మెట్లలో దారి వెతికింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో, సిస్టమ్, వెండర్ లాంటివాటి మధ్య హద్దులు చెరిపి, సూపర్ అనే ఒకే పెద్ద భాగంలో పెట్టింది. లోపలి హద్దులను అప్‌డేట్ తనకు కావలసినట్టు జరుపుకోవచ్చు. విండోస్ రికవరీ భాగానికి లేనిది సరిగ్గా ఈ వెసులుబాటే. 2020లో ఆండ్రాయిడ్ 11తో రెండో స్లాట్‌ను ఊహగా మార్చింది. పూర్తి నకలు ఉండదు. మారిన బ్లాకులను మాత్రం సూపర్‌లో మిగిలిన చోటులోనూ, అదీ చాలకపోతే మీ యూజర్‌డేటాలో కొంత చోటు తాత్కాలికంగా తీసుకుని అక్కడా రాసి ఉంచుతుంది. ఫోను కొత్తదాని మీద లేచి నిలబడ్డాక ఆ బ్లాకులను తీసుకెళ్లి పాతవాటి మీద కలిపేస్తుంది. కలపడం మొదలయ్యేదాకా వెనక్కి వెళ్లొచ్చు, మొదలయ్యాక లేదు. తెలివైన ఏర్పాటే. కాకపోతే కంపెనీ భరించాల్సిన చోటును వాడకందారుడి మీదకు నెట్టింది కూడా. గుడ్ మార్నింగ్ వీడియోలతో నిండిపోయిన ఫోను 'చోటు చాలదు' అంటూ అప్‌డేట్‌ను వాయిదా వేయడానికి కారణం ఇదే.

ఆపిల్ 2017లో ఇంతకన్నా సాహసమే చేసింది. ఐఫోన్లలో అప్పటిదాకా ఉన్నది 1998 నాటి హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్. మార్చి 27న వచ్చిన ఐఓఎస్ 10.3 అప్‌డేట్‌తో కోట్ల ఫోన్లలో దాన్ని ఏపీఎఫ్ఎస్‌కు మార్చేసింది. మనుషుల ఫొటోలు ఎక్కడివక్కడే ఉండగా, వాటి చిరునామాల పుస్తకాన్ని మాత్రం ఖాళీ చోటులో కొత్తగా రాసి, చివరి క్షణంలో పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోవడం. నాకు ముచ్చటేసింది దాని ముందు జరిగిన రిహార్సలు. అంతకుముందరి అప్‌డేట్లలోనే ఈ మార్పిడిని చివరి అడుగు దాకా నడిపి, సరిపోయిందో లేదో చూసుకుని, ఆ పుస్తకాన్ని చెరిపేసి, ఏమీ జరగనట్టే ఫోను లేచేది. ఫలితం మాత్రం కంపెనీకి చేరేది.

అదే ఆపిల్‌ను ఏడాది తిరక్కముందే మన తెలుగు అక్షరం ఒకటి ఇరుకున పెట్టింది. 2018 ఫిబ్రవరిలో ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. జ్ఞ తర్వాత కంటికి కనపడని ఒక విడదీత గుర్తు పెట్టి, ఆపైన దీర్ఘం ఇస్తే, ఐఓఎస్ 11 లోని అక్షరాలు పేర్చే భాగం దాన్ని ఎలా గీయాలో తెలియక కూలిపోయేది. మామూలుగా 'జ్ఞానం' అని రాసుకుంటే ఏమీ కాదు. ఆ వింత కూర్పు సందేశంగా వస్తే మాత్రం మెసేజ్ యాప్ తెరుచుకోదు. నోటిఫికేషన్‌గా తెర మీదకు వస్తే హోమ్ స్క్రీనే కూలి, మళ్లీ లేచి, మళ్లీ కూలేది. ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు.

ఈ ఉదంతాన్ని మన భాష మీద అభిమానంతో చెప్పడం లేదు. రెండు స్లాట్లున్నా ఇక్కడ లాభం ఉండేది కాదు. ఎందుకంటే చిక్కు తెచ్చిన అక్షరం ఉన్నది వాడకందారుడి డేటాలో. ఏ స్లాట్ మీద లేచినా ఆ డేటా ఒక్కటే. అప్‌డేట్‌లోనూ ఇదే చిక్కు రావచ్చు. కొత్త వెర్షన్ లేచి మీ డేటాబేసులను తన పద్ధతిలోకి మార్చుకుని, ఆ తర్వాత కూలిపోయిందనుకోండి. పాత వెర్షన్‌కు తిరిగి వచ్చినా ఆ కొత్త డేటాను అది చదవలేదు. ఆండ్రాయిడ్ 10 దీనికో విరుగుడు పెట్టింది. కొత్త వెర్షన్‌కు విజయ ముద్ర పడేదాకా యూజర్‌డేటాలో జరిగే రాతలు ఖరారు కావు. వెనక్కి వెళ్లాల్సి వస్తే అవీ వెనక్కి పోతాయి. అయితే ఆ వెసులుబాటు ఆ కొద్ది నిమిషాలకే.

వెనక్కి వెళ్లగలగడం మంచిదే అయితే ఎప్పుడైనా వెళ్లనివ్వొచ్చు కదా? దొంగ కూడా అదే కోరుకుంటాడు. లొసుగున్న పాత వెర్షన్‌కూ కంపెనీ సంతకం ఉంది కాబట్టి, దాన్ని ఎక్కించి పాత కన్నం గుండా దూరతాడు. అందుకే ఫోను చెరపడానికి వీల్లేని చోట ఒక సంఖ్య రాసుకుని, అంతకన్నా పాతదాన్ని లేవనివ్వదు. వెనక్కి తిరిగే దారి ఒక రాత్రి తెరిచి ఉండాలి, మర్నాడు మూసుకుపోవాలి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఇంజినీర్లు ఇప్పటికీ కొట్టుకునే విషయం.

చోటు సరే, మరి పంపేవాడి సంగతి? గూగుల్ తన ఫోన్లకు అప్‌డేట్‌ను మొదట నూటికి ఒకటి చొప్పున పంపి, ఒకటి రెండు రోజులు చూసి, ఆ తర్వాత పెంచుకుంటూ పోతుంది. ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. అది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు. గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు. అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కూలాయి. మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలు చెరపాల్సి వచ్చింది. కెర్నల్ లోపలికి నేరుగా వెళ్లే ఆ ఫైలుకు స్లాటూ లేదు, ప్రయత్నాల లెక్కా లేదు, విడతల వారీ పంపకమూ లేదు.

అలాగని అప్‌డేట్లు ఆపేసుకోవడమూ కుదరదు. 2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ దాదాపు రెండు నెలల ముందు, మార్చి 14నే విడుదల చేసింది.

ప్రశ్నల్లో ఎలాగూ వస్తుంది కాబట్టి చెప్పేస్తాను, నోటిఫికేషన్ రాగానే వేయాలా, ఆగాలా? నెలవారీ భద్రతా అప్‌డేట్ అయితే ఆ వారంలోనే వేయండి. ఆండ్రాయిడ్ వెర్షనే మారుతుంటే రెండు మూడు వారాలు ఆగితే నష్టం లేదు, ముందు వేసుకున్నవాళ్ల ఫోన్లు మీకోసం పరీక్ష రాసి పెడతాయి. ఆ ముందు రోజు ఫొటోలు వేరేచోట దాచుకోండి, ఎందుకంటే స్లాట్లు రెండున్నా మీ డేటాకు రెండో ప్రతి లేదు. నాలుగైదు జీబీలు ఖాళీ ఉంచండి. ఇక కొత్త ఫోను కొనేటప్పుడు, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో అడగండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్ ఏడేళ్లు ఇస్తానంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకాలు ఆగాక కనీసం ఐదేళ్లు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ర్యామ్ ఎంతో, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో అచ్చేసిన పెట్టె నా కంట ఇంకా పడలేదు. కౌంటర్ దగ్గర అడిగి, బిల్లు మీద రాయించుకోండి.